గుమ్మం బయట పెట్టిన మేనేజర్

మా దగ్గర మగాళ్ళందరూ ఇల్లరికమే. ఇల్లూ పొలమూ తల్లి నుంచి కూతురికి వస్తాయి. మగాడు బట్టల మూట చంకన పెట్టుకుని, నడుముకి కత్తి కట్టుకుని పెళ్ళాం ఇంటికి వస్తాడు. పొసగకపోతే పెళ్ళాం ఆ మూటా ఆ కత్తీ గుమ్మం బయట పెడుతుంది. పంచాయితీ ఉండదు, కాగితాలుండవు. వాడు వాటిని తీసుకుని తోబుట్టువు ఇంటికి పోవాలి. మళ్ళీ కావాలంటే పెళ్ళామే వెళ్ళి పిలవాలి, తనంతట తాను వచ్చి గుమ్మం ఎక్కకూడదు. మా అమ్మ మా నాన్నని రెండుసార్లు అలా పెట్టి, రెండుసార్లూ వెళ్ళి తెచ్చుకుంది. ఇప్పటి పిల్లలకి ఇవన్నీ పాత చింతకాయ పచ్చడి.

నేను మా ఆయన్ని ఒక్కసారే బయట పెట్టాను. ఎందుకు పెట్టానో చెబుతాను.

మా ఆయన పేరు నామొ. పేపర్లవాళ్ళు చైనా పేరుతో రాసేవారు, ఆ పేరు చెబితే మా ఊళ్ళో ఎవరికీ తెలీదు. ఈ దీవికి తూర్పున, తైతుంగ్ తీరంలో చేపలు ఎండబెట్టుకుని బతికే ఊరు మాది. ఇక్కణ్ణుంచి పడమటి తీరానికి వెళ్ళి, పెద్ద బేస్‌బాల్ లీగ్‌లో గద్దల జట్టుకి ఏళ్ళ తరబడి క్యాచర్‌గా ఆడాడు. క్యాచర్ అంటే బ్యాటు పట్టుకున్నవాడి వెనక గొంతుక్కూర్చుని, పిచ్చర్ విసిరిన బంతి పట్టేవాడు. ఏ బంతి వెయ్యాలో కాళ్ళ మధ్య వేళ్ళతో సైగ చేసేదీ వాడే. దెబ్బలు తినీ తినీ మా ఆయన కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటి ఒక్కో దిక్కు చూసేవి. పరాయివాళ్ళ కోసం అన్నేళ్ళు గొంతుక్కూర్చున్న మనిషి, ఇంట్లో చేపలు తోమడానికి కూర్చోమంటే మాత్రం మోకాళ్ళు నొప్పి అనేవాడు. ఆట మానేశాక కోచ్ అయ్యాడు. ఆ తర్వాత అదే జట్టుకి మేనేజర్ అయ్యాడు. ఎవర్ని ఆడించాలో, ఎవర్ని ఎప్పుడు దించాలో ఇక ఆయన మాటే. మా జనంలో ఆ కుర్చీ ఎక్కినవాడు అప్పటిదాకా లేడు. ఊళ్ళో పంది కోశారు, ముసలాళ్ళు కూడా తాగి ఆడారు.

నాకు భయం మొదలైంది ఆ రోజే. ఆడే రోజుల్లో ఆయనకి బంతి ఒక్కటే వచ్చి తగిలేది, అది ఎటునుంచి వస్తుందో కనబడేది. అవి జూదగాళ్ళు బేస్‌బాల్‌ని చెదల్లా తినేస్తున్న రోజులు. ఫలానా ఆటగాణ్ణి హోటల్ గదిలో కూర్చోబెట్టి పిస్తోలు చూపించారట, ఫలానావాడి మోకాలు విరిచారట అని రోజూ ఏదో ఒకటి వినేవాళ్ళం. ఓ ఆటగాణ్ణి బెదిరిస్తే ఓ బంతి పోతుంది. మేనేజర్‌ని బెదిరిస్తే ఆట మొత్తం వాళ్ళదే. అంత మాత్రం తెలివి నాకూ ఉంది, వాళ్ళకి ఉండదా!

ఆ ఏడాది వేసవి సెలవులకి ముందు ఒక ఉదయం తలుపు తీస్తే మెట్ల మీద పసుప్పచ్చ కాగితాలు చల్లి ఉన్నాయి. చచ్చినవాళ్ళ కోసం కాల్చే ఉత్తుత్తి నోట్లు. మేం చర్చికి వెళ్ళేవాళ్ళం, మా ఇంట్లో అవి కాల్చే అలవాటు లేదు. కానీ ఈ దీవిలో పుట్టినవాళ్ళకి వాటి అర్థం ఒకరు చెప్పక్కర్లేదు. పైనున్న కాగితం మీద మా అమ్మాయి సెరా పేరు రాసి ఉంది. బడి రిజిస్టర్లో ఉండే పేరు.  ఎవరూ చూడకముందే అన్నీ ఊడ్చి పొయ్యిలో పడేశాను. అవి మండుతున్నప్పుడు గుర్తొచ్చింది, అవి కాల్చడానికే కదా చేస్తారు, నేనే నా చేతులతో కాల్చి పెట్టానే అని. 

నామొకి చెప్పలేదు. చెబితే ఏం చేస్తాడు? వారమంతా ఆటలు, సోమవారం ఒక్కరోజు ఇంటికొస్తాడు. ఆ ఒక్కరోజూ నిద్రపోనివ్వాలనుకున్నాను. సెరాని బడికి మా అమ్మ చేయి పట్టుకుని తీసుకెళ్ళడం మొదలుపెట్టింది. ఎందుకని నామొ అడిగితే ముసలిదానికి కాళ్ళు పట్టేస్తున్నాయిట, నడవాలిట అని చెప్పాను. రోడ్డు మలుపులో ఓ తెల్ల కారు ఆగుతుండేది. అందులోవాళ్ళు దిగేవాళ్ళు కాదు.

తర్వాతి సోమవారం మధ్యాహ్నం ఫొతింగ్ వచ్చాడు.

ఫొతింగ్ ఎవరో చెప్పాలంటే మా మగాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. మీసాలు మొలిచే వయసులో మగపిల్లలు ఈడు గుంపులో చేరతారు. చచ్చేదాకా అదే గుంపు. పై గుంపువాళ్ళు చెప్పింది కింది గుంపువాళ్ళు చెయ్యాలి. నీళ్ళు మొయ్యమంటే మొయ్యాలి, పండుగలో కల్లు పొయ్యమంటే పొయ్యాలి. ఎదురు చెప్పడం ఉండదు. పెద్దవాడు అడిగినప్పుడు చిన్నవాడు మాట్లాడకుండా ఉంటే సరే అన్నట్టే. నామొ పేపర్లలో ఎంత మేనేజర్ అయినా, కోతల పండుగలో పై గుంపు ముందు మోకాళ్ళ మీద కూర్చుని గిన్నెలు నింపేవాడు. ఫొతింగ్ ఆ పై గుంపువాడు. చిన్నప్పుడు నామొకి వల విసరడం నేర్పింది అతనే. ఈమధ్య నగరంలో ఎవరో పెద్దమనిషి దగ్గర కారు నడుపుతున్నాడని విన్నాం.

"ఏరా, మేనేజర్‌వయ్యాక అన్నలు కనపడట్లేదా?" అంటూ లోపలికొచ్చాడు.

"రా అన్నా, కూర్చో," అని నామొ చాప పరిచాడు.

"ఏం మరదలా, చేపలు బాగా ఎండాయా?"

"చేపలు బానే ఎండాయి బావగారూ. వాటికంటే మీరే ఎండిపోయారు. ఆ చెవికేంటి కట్టు?"

"తలుపు తగిలింది."

"తలుపులకి మీ చెవంటే అంత కోపమెందుకో!"

అతను నవ్వలేదు. మామూలుగా అయితే నాకు రెండింతలు అంటించేవాడు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. నేను వంటింట్లోకి వెళ్ళి ఆకుకూర గిల్లుతూ చెవులు ఇటే పెట్టాను. నామొ బియ్యపు కల్లు పోసి ఇచ్చాడు. ఫొతింగ్ రెండు గుక్కలు తాగి గొంతు తగ్గించాడు.

"ఆదివారం ఆట కూలస్‌తోనే మొదలెడతావు కదా?"

కూలస్ మా పక్క ఊరివాడు, ఆ ఏడాది లీగ్ మొత్తానికి మంచి పిచ్చర్.

"అవునన్నా."

"ఏడో ఇన్నింగ్స్‌లో వాణ్ణి దించెయ్. దించి, వాడి బదులు ఆ పొడుగు పిచ్చర్‌ని పంపు. అంతే. నిన్ను ఓడిపొమ్మని ఎవరూ అనట్లేదు."

"పొడుగోణ్ణి కొనేశారా అన్నా?"

"అవన్నీ నాకు తెలీదురా. నాకు చెప్పమన్నది చెప్తున్నా." అతను గిన్నె కింద పెట్టి వీధి వైపు ఒకసారి చూశాడు. "తమ్ముడూ, నా మాట విను. వాళ్ళు మనుషులు కారు. నీ ఇల్లు, నీ పెళ్ళాం, నీ పిల్ల చల్లగా ఉండాలి కదా! ఒక్క ఇన్నింగ్స్. పెద్దవాణ్ణి అడుగుతున్నా."

నేను తడిక సందులోంచి చూశాను. నామొ తల వంచుకుని ఆ వంకర వేళ్ళని చూసుకుంటున్నాడు. ఏమీ అనలేదు. ఎంతసేపటికీ అనలేదు. ఇంక అయిపోయింది అనుకున్నాను. ఈ ఆదివారం ఒక ఇన్నింగ్స్ ఇస్తాడు, వచ్చే నెల ఒక ఆట ఇస్తాడు, ఆ తర్వాత ఆయన ఎవరో ఆయనకే తెలీదు. ఇవ్వకపోతే సెరా. ఎటు చూసినా గొయ్యే.

వాళ్ళ లెక్క సరిగ్గానే ఉంది. నామొ కాదనలేని మనిషిని వెతికి పట్టుకుని పంపారు. ఇదే మాట మగాళ్ళ చావడిలో అడిగి ఉంటే నేను చేయగలిగింది ఏమీ లేదు. ఫొతింగ్ చేసిన పొరపాటల్లా, మా అమ్మ అల్లిన చాప మీద కూర్చుని, నామొతో 'నీ ఇల్లు' అనడం. నామొకి ఇల్లెక్కడిది?

లోపలికి వెళ్ళి ఆయన బట్టలు దుప్పట్లో వేసి మూట కట్టాను. గోడకున్న కత్తి తీశాను. ఇద్దరి మధ్యలోంచి నడిచి వెళ్ళి, రెండూ గుమ్మం బయట పెట్టాను. ఓ కోడిపెట్ట వచ్చి మూటని పొడిచి చూసింది.

"లిసిన్!" అన్నాడు నామొ. అప్పటికింకా ఆయనకి అర్థం కాలేదు.

"ఈ బేస్‌బాల్ తెచ్చిపెట్టిన దరిద్రం నాకు చాలయ్యా. మెట్ల మీద చావు కాగితాలు చల్లారు. వాటి మీద నా కూతురి పేరు రాశారు. ఇంటికి చావుని పిల్చుకొచ్చే మొగుడు నాకొద్దు. ఇల్లు నాది, పిల్ల నాది. నీ దారి నువ్వు చూసుకో."

"ఏ కాగితాలు? నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం పొడిచేవాడివి? ఇప్పుడు మీ అన్న అడిగితే ఏం పొడిచావు?"

ఫొతింగ్ లేచి నిలబడ్డాడు.  "మరదలా, తొందరపడకు. ఇంత మాత్రానికే..."

"మీరు చూశారుగా బావగారూ. సాక్షి మీరే. పదిమందికీ చెప్పండి."

నేనన్న మాటల్లో సగం నిజమే, అందుకే అంత ధాటిగా వచ్చాయి. మిగతా సగం ఎందుకన్నానో అప్పుడు ఆయనకి చెప్పడానికి వీల్లేదు. నామొ నా ముఖంలోకి చూశాడు. ఎదుటివాడి బ్యాటు పట్టు చూసి మనసులో ఏముందో చెప్పగల మనిషి ఆయన. నేను తల తిప్పేసుకున్నాను. చూస్తే ఏడ్చేదాన్ని, ఏడిస్తే ఫొతింగ్‌కి తెలిసిపోయేది. ఆయన మూటా కత్తీ తీసుకుని వాళ్ళ చెల్లెలి ఊరి వైపు నడిచి వెళ్ళిపోయాడు.

"ఎప్పుడో చెయ్యాల్సిన పని," అంది మా అమ్మ పెరట్లోంచి. "చేపలు తోమనివాడు ఇంట్లో ఎందుకు?"

బడి నుంచి వచ్చిన సెరాకి కూడా అదే చెప్పాను. నాన్నని పంపేశాను, ఇంక రాడు అన్నాను. అది కాసేపు నన్ను చూసి, వెళ్ళి నాన్న చాప మీద గోడవైపు తిరిగి పడుకుంది. దాని పక్కన కూర్చుని నిజం చెప్పాలని ఎంత అనిపించిందో! పిల్ల నోట్లో నువ్వుగింజ నానుతుందా? ఒక్క స్నేహితురాలికి చెప్పినా చాలు. నోరు నొక్కుకున్నాను.

ఆ వారమంతా నాకు ఒకటే ఆలోచన. నేను చేసిన పని మా వాళ్ళకి అర్థమవుతుంది, మూట బయట పెట్టిన ఇంటితో మగాడికి సంబంధం లేదని. పడమటి నగరంలో పిస్తోళ్ళు పట్టుకు తిరిగేవాళ్ళకి మా ఆచారం ఏం తెలుసు? ఇక సెరాని చూపించి నామొని బెదిరించలేరని ఫొతింగ్ చెప్పాలి, వాళ్ళు నమ్మాలి. నమ్మకపోతే? కూర తరుగుతూ నమ్మకపోతే, వల బాగుచేస్తూ నమ్మకపోతే.

ఆదివారం మధ్యాహ్నం ఆట. రేడియో మా అమ్మ ముందు పెట్టాను. తెల్ల కారు మలుపు దాటి, ఈసారి మా ఇంటికి ఎదురుగా ఆగింది. స్టీరింగ్ ముందు ఫొతింగ్, వెనక ఇద్దరు మనుషులు. అద్దాలు దించి, వాళ్ళూ అదే ఆట వింటున్నారు. మా రేడియోలో వినపడే కేక, క్షణం తర్వాత రోడ్డు మీంచీ వినపడేది.

మొత్తం తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఆరు అయ్యేదాకా గద్దలే ముందున్నాయి, ఒక్క పరుగుతో. ఏడోదానికి కూలస్ అలిసిపోయాడు. ఇద్దర్ని అవుట్ చేశాడు కానీ, చూస్తుండగానే మూడు బేసుల మీదా అవతలి జట్టు మనుషులు పరుగుకి సిద్ధంగా నిండిపోయారు. ఒక్క దెబ్బ తగిలితే ఆట తిరగబడుతుంది. రేడియోవాడు గోల పెడుతున్నాడు, దించాలి, ఇప్పుడే దించాలి, ఏ మేనేజరైనా దించుతాడు అని. దిక్కుమాలిన సంగతి అదే. న్యాయంగా చూసినా కూలస్‌ని దించాల్సిందే. దించినా ఎవరూ వేలెత్తి చూపరు.

"మేనేజర్ లేచాడు," అన్నాడు రేడియోవాడు.

"ఏమంటున్నాడే?" అంది అమ్మ. ఆవిడకి చైనా భాష రాదు.

"నీ అల్లుడు లేచాడంట."

"ఇప్పుడు వాడు నాకేం అల్లుడు?"

మేనేజర్ మైదానంలోకి నడుస్తున్నాడు, పిచ్చర్ దగ్గరికి వెళ్ళాడు, చెవిలో ఏదో చెప్తున్నాడు, దించడానికి బంతి ఇమ్మని చెయ్యి చాపుతాడేమో... రోడ్డు మీద కారులో ఒకడు నవ్వాడు. నేను గుంజ పట్టుకుని నిలబడ్డాను. దించితే నా కూతురు బతుకుతుంది. దించొద్దు, దించొద్దు అని లోపల ఎవరో అరుస్తున్నారు. అది నేనేనని తెలిసి సిగ్గేసింది. ఎలాంటి తల్లిని నేను!

"మేనేజర్ ఒక్కడే వెనక్కి వస్తున్నాడు! కూలస్‌నే ఉంచాడు! ఇదేం తెలివితక్కువ పని!"

కారు తలుపులు రెండూ ఒకేసారి తెరుచుకున్నాయి.

ఆ ఇద్దరూ తిన్నగా మా ఇంటికే వచ్చారు. ఫొతింగ్ వాళ్ళ వెనకే పరిగెత్తుకొచ్చాడు, "చెప్పాను కదన్నా, చెప్పాను కదా," అంటూ. నేను గుమ్మంలో నిలబడ్డాను.  ముందున్నవాడు వక్క నములుతున్నాడు, పళ్ళన్నీ ఎర్రగా ఉన్నాయి.

"నామొ పెళ్ళానివి నువ్వేనా?"

"కాదు. తరిమేశాను."

"అలాగా! వాడికి చెప్పి చేయించావా ఈ నాటకం?"

"ఊరంతా చూసింది, అడుగు."

"ఊరుతో నాకేం పని?" అని వాడు నన్ను దాటి లోపలికి చూశాడు. సెరా నా వెనకే వచ్చి నిలబడిందని అప్పుడు గమనించాను. వాడు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి, చాలా మెత్తగా అడిగాడు. "పాపా, మీ నాన్న ఎప్పుడొస్తాడు?"

సెరా ముఖం ముడుచుకుపోయింది. వారమంతా లోపల దాచుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది. "రాడు! మా అమ్మ వెళ్ళగొట్టేసింది. మా నాన్న తప్పేం చెయ్యలేదు. మా అమ్మకి మేం అక్కర్లేదు!" అని నన్ను రెండు చేతులతో తోసి, గుక్కపెట్టి ఏడ్చింది.

అలాంటి ఏడుపు ఎవరూ నేర్పితే రాదు. వాడు సెరాని చూశాడు, నన్ను చూశాడు. నిటారుగా నిలబడ్డాడు. అదే సమయానికి రేడియోలో జనం హోరెత్తారు, కూలస్ మూడోవాణ్ణి కూడా అవుట్ చేసి ఆ ఇన్నింగ్స్ ముగించాడని. వాడు మెట్టు మీద ఎర్రగా ఉమ్మేసి, ఫొతింగ్ కట్టున్న చెవి మీద ఫెడీమని ఒక్కటిచ్చి, కారు వైపు నడిచాడు. కారు వెళ్ళిపోయాక తలుపు గడియ పెట్టాను. సెరాని దగ్గరికి తీసుకోబోతే అది మా అమ్మ దగ్గరికి పరిగెత్తింది.

గద్దలు ఆ ఆట గెలిచాయి. మర్నాడు నామొ మా వాకిట్లోకి వచ్చి, దూరంగా నిలబడ్డాడు. సెరాని ఒకసారి చూపించమన్నాడు. తెల్ల కారు మళ్ళీ వస్తుందో రాదో నాకేం తెలుసు? వీధి వీధంతా వినేలా తిట్టి పంపాను. నోటికొచ్చిన ప్రతి మాటా అన్నాను. ఆయన వెళ్ళిపోతుంటే లోపలికొచ్చి గుడ్డ నోట్లో కుక్కుకున్నాను.

కోతలయ్యాక ఆ ముఠావాళ్ళని వేరే కేసులో పోలీసులు పట్టుకుపోయారు. పేపర్లో ఆ ఎర్ర పళ్ళవాడి ఫోటో కూడా పడింది. ఫొతింగ్ ఊరొదిలి ఎక్కడికో పోయాడు. ఇంక భయం లేదని నమ్మకం కుదిరాక, తలంటు పోసుకుని, మంచి బట్ట కట్టుకుని, నామొని పిలవడానికి వాళ్ళ చెల్లెలి ఇంటికి వెళ్ళాను. ఆయన పెరట్లో పీట మీద కూర్చుని చేపలు తోముతున్నాడు. ఇంకో రోజైతే పగలబడి నవ్వేదాన్ని.

"ఇంటికి రా," అన్నాను.

ఆయన చేతులు కడుక్కుని తుడుచుకున్నాడు. "లిసిన్, ఒక్కటి చెప్పు. ఆ రోజు నిజంగానే పంపేశావా?"

"పిచ్చి మొగుడా! నిజంగా పంపేదాన్నయితే ఇలా వస్తానా? నీ నెత్తిన మా భయం లేకుండా చేశాను. అంతే."

 ఆయన మెల్లగా అన్నాడు. "నేను నిజమనుకున్నా. ఆ రోజు కూలస్ దగ్గరికి నడుస్తుంటే, ఇంక నా దగ్గర వాళ్ళు తీసుకునేది ఏం మిగిలిందిలే అనిపించింది. అందుకే ఉంచగలిగా. నువ్వు నాటకమాడుతున్నావని తెలిసుంటే, ఆ పిచ్చర్‌ని దించేసేవాణ్ణి."

"ఇప్పుడు వాళ్ళు లేరుగా."

"వీళ్ళు పోతే ఇంకోళ్ళు. నేను ఆ కుర్చీలో ఉన్నన్నాళ్ళూ ఎవడో ఒకడు వస్తాడు. నీ వెనకాల ఇంటికొచ్చి, సెరాని ఒక్కసారి ఎత్తుకున్నానంటే, ఈసారి వాళ్ళని కాదనడం నా వల్ల కాదే."

"అయితే మానెయ్ ఆ ఉద్యోగం! నీ బేస్‌బాల్ తగలెయ్య!"

"మానేస్తే వాళ్ళు గెలిచినట్టు కాదా?"

 తిట్టాలనుకున్నాను. కానీ ఆయన కళ్ళలో ఉన్న భయం నేను పెట్టిందే. ఆ రోజు కూలస్‌ని ఉంచిన ధైర్యం కూడా నేనిచ్చిందే. బతిమాలాను. చేతులు పట్టుకున్నాను. వాళ్ళ చెల్లెలు చూస్తుండగానే ఏడ్చాను. ఆయన రాలేదు.

పొద్దు వాలకముందే ఇల్లు చేరాను. సెరా రోడ్డు మీదే నిలబడి ఉంది. నన్ను కాదు, నా వెనక చూస్తోంది. దారంతా ఖాళీ.

"పిలిచావా?" అంది.

"పిలిచానమ్మా. ఒట్టు. ఎంతో పిలిచాను."

అది నా ముఖంలోకి చూసింది. నమ్మలేదు.